కోడలు ‘సీ’ అంది

ఆ రోజుల్లో (మరీ రాజుల కాలం కాదు లెండి, అందరి చేతుల్లోకీ స్మార్ట్‌ఫోన్లు వచ్చేశాకే) నేను డిగ్రీ పూర్తి చేసి, ఉద్యోగం దొరక్క, నారాయణఖేడ్‌లో మా ఇంటి గడప మీద కూర్చుని గోళ్ళు గిల్లుకుంటూ ఉండేదాన్ని. అయినా మా వాడలో నా హోదాకేమీ లోటు లేదు. బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చినా, మందు సీసా మీద ఏం రాసి ఉందో కావలసినా అందరూ నా దగ్గరికే వచ్చేవారు. సగం చదివి, మిగతా సగం ఊహించి చెప్పేదాన్ని. ఏ చెట్టూ లేనిచోట ఆముదపు చెట్టే మహావృక్షం అన్నారు కదా, ఆ ఆముదపు చెట్టును నేనే. మా అమ్మయితే “మా పిల్ల ఇంగ్లీషు మాట్లాడితే దొరలు గూడ దిక్కులు సూడాలె” అని గొప్పగా చెప్పేది. దొరలు దిక్కులు చూసేది ఎందుకో ఆవిడకూ తెలియదు, నాకూ తెలియదు.

మా ఇంటిగోడకు ఆనుకునే, వాడంతా ఖాలా (అంటే పిన్ని) అని పిలిచే ఆవిడ ఇల్లు. ఖాలా చేసే బగారా అన్నం, పప్పూ మాంసం కలిపి వండే దాల్చా కోసం పిలవకపోయినా వెళ్ళేవాళ్ళు మా వాడలో చాలామంది ఉన్నారు (మొదటిదాన్ని నేనే). ఆవిడ ఒక్కగానొక్క కొడుకు దుబాయ్‌లో ఓ హోటల్లో పనిచేస్తూ, అక్కడే రొట్టెలు కాల్చే విభాగంలో ఉన్న అమ్మాయిని నిఖా చేసుకున్నాడు. ఖాలా ఆ నిఖాను ఫోన్లోనే చూసి, ఫోన్లోనే దీవించింది. రంజాన్ చివర్లో ఆ కోడలు వస్తోందని కబురొచ్చింది. కొడుక్కి పండుగ ముందుగానీ సెలవు దొరకదట. కానీ ఆ పిల్ల మాత్రం అత్తగారింట్లో ఉపవాసాలుండాలని పట్టుబట్టి ముందే బయల్దేరిందట. ఖాలా గోడ మీదుగా తల పెట్టి నన్ను పిలిచింది.

“ఓ పిల్లా, నా కోడలు వస్తుంది. దానికి ఉర్దూ రాదు, తెలుగు రాదు. మావోడు వచ్చేదాంక నువ్వే నాకు నోరు.”

“ఏ ఊరు ఖాలా?”

“గదేదో కొలంబియా అన్నడు.”

“కొలంబోనా! గది శ్రీలంకల ఉంటది. ఆళ్ళకు ఇంగ్లీషు మస్తు వస్తది. నువ్వు ఫికర్ చెయ్యకు” అన్నాను. సాయంత్రానికల్లా ఊరంతా ఆమె లంక కోడలైపోయింది.

లంక కోడలు తలకు స్కార్ఫు చుట్టుకుని, పెద్ద పెట్టెతో కారు దిగింది. చామనఛాయ, నల్లటి జుట్టు, నవ్వు ముఖం. విదేశీ కోడల్ని చూద్దామని వచ్చినవాళ్ళకు కాస్త నిరాశే మిగిలింది. “గీమె అచ్చం బీదర్ దిక్కు పిల్ల లెక్క ఉన్నది గద” అని మా అమ్మ నా చెవిలో అంది. ఆ అమ్మాయి సలాం చెప్పి, ఖాలాను గట్టిగా కావలించుకుని, చాలాసేపు వదల్లేదు. అప్పుడు నేను గొంతు సవరించుకుని, పొద్దుటి నుంచీ అద్దం ముందు సాధన చేసిన ఇంగ్లీషు వాక్యం వదిలాను. నా ఇంగ్లీషు నీకు అర్థమవుతోందా అని దాని భావం. ఆమె ముఖం వెలిగిపోయింది. “సీ! సీ!” అంది.

ముందు నాకర్థం కాలేదు. అర్థమయ్యాక (అంటే, అర్థమైందని అనుకున్నాక) చెవులు వేడెక్కాయి. ఛీ అన్నా సీ అన్నా మా దగ్గర ఒకటే. పదిహేనేళ్ళు చదివిన చదువును, వాడ వాడంతా నిలబడి చూస్తుండగా, గడప తొక్కకముందే సీ కొట్టింది!

ఆ సాయంత్రం ఇఫ్తార్‌లో ఖర్జూరాలు, శనగలు అయ్యాక ఖాలా తన దాల్చా వడ్డించి, కోడలి ముఖంలోకే చూస్తూ “మంచిగున్నదా అని అడుగు” అంది. అడిగాను. నోట్లో ముద్ద ఉండగానే కోడలు “సీ! సీ!” అంది. అంటూనే మారు వడ్డించుకుంది. (ఆ మారు వడ్డన దగ్గరే నాకు బుద్ధి వెలగాల్సింది.) ఖాలా ముఖం చిన్నబోయింది. పెద్దావిడ మనసు నొప్పించడమెందుకని నేను మధ్యలో దూరి, “ఉప్పు జర ఎక్కువైందంటుంది ఖాలా” అని సర్దాను. మర్నాడు ఉప్పు తగ్గింది. మళ్ళీ “సీ!” కారం ఎక్కువైందన్నాను. ఆ మర్నాడు కారమూ పోయింది. దాల్చా కాస్తా బాలింత పథ్యంలా తయారైంది. దాన్నీ ఆ మహాతల్లి ఇష్టంగా తిని “సీ” అంది.

నాలుగోనాడు ఖాలా నన్ను వంటింట్లోకి పిలిచింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“ఖేడ్‌ల అందరు నా దాల్చ తిని వేళ్ళు నాకిండ్రు. ఇది నా ముంగట కూసొని నా తిండిని సీ అంటుంది. ఇగ నాతోని కాదు. దాని ప్లేటు దాని రూముల ఇయ్యి. మావోడు రాంగనే హైదరాబాద్‌ల ఇల్లు తీసుకోమంట. ఆడనే ఉండమను.”

కొడుకు పెళ్ళిని కళ్ళారా చూడలేకపోయిన ఆవిడ, కోడలితో ఈ నాలుగు రోజులైనా గడపాలని ఎంత ఆశపడిందో నాకు తెలుసు. నాకు ఏడుపొచ్చింది. ప్లేటు పట్టుకుని గదిలోకి వెళ్ళాను. ఒక్క ప్లేటే రావడం చూసి ఆ అమ్మాయి ముఖం పాలిపోయింది. ఫోన్ తీసి అందులో ఏదో మాట్లాడి నా ముందు పెట్టింది. ఫోన్ తన బండరాయి గొంతుతో తెలుగులో అంది: “నేను ఏమి తప్పు చేశాను? నా దేశంలో నేను ఒంటరిగా ఉపవాసం విడిచాను. దుబాయ్‌లో ఒంటరిగా విడిచాను. ఇక్కడ కూడా ఒంటరిగానా?”

నా ఇంగ్లీషు ఎటుపోయిందో. “నీకు ఖాలా వంట నచ్చలే గద?” అని తెలుగులోనే అడిగేశాను. ఫోన్ ఆ ముక్కను ఆమె భాషలోకి మార్చింది. “నచ్చింది! చాలా నచ్చింది!” అని ఫోన్ తిరిగి అరిచింది.

“మరి సీ అంటవేంది?”

ఆమె తికమకగా చూసి, “సీ?” అంది. తర్వాత ఏదో తట్టినట్టు ఫోన్ అందుకుని, ఆ ఒక్క ముక్క దాని చెవిలో వేసింది.

ఫోన్ అంది: “అవును.”

కొలంబియా ఎక్కడో దక్షిణ అమెరికాలో ఉందనీ, అక్కడి భాష స్పానిష్ అనీ, శ్రీలంకతో దానికి చుట్టరికమే లేదనీ ఆ తర్వాత తెలుసుకున్నాను. ముందయితే వంటింట్లోకి పరుగెత్తాను. “ఖాలా! సీ అంటే అవునంట! మంచిగున్నదని చెప్పుతుందంట ఇన్ని దినాలు!”

ఖాలా గరిటె పట్టుకునే నావైపు తిరిగింది. “మరి ఉప్పెక్కువైందని ఎవరన్నరే?”

నేను ప్లేటు తెస్తానంటూ గదిలోకి ఉడాయించాను.

ఖాలా కోడలి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి, భోజనానికి నేల మీద పరిచిన దస్తర్‌ఖాన్ దగ్గర తన పక్కనే కూర్చోబెట్టుకుంది. ఇన్నాళ్ళూ అడగనివన్నీ అప్పుడు ఫోన్ మధ్యలో పెట్టి ఒక్కసారిగా అడిగింది. “మావోని కోసమేనా నువ్వు ముసల్మాన్ అయింది?” వాడంతా చెవులు కొరుక్కుంటున్న మాట అదే. ఆ పిల్ల నవ్వింది. అతనెవరో తెలియకముందే అయిందట. వాళ్ళ ఊళ్ళో బట్టల దుకాణం పెట్టుకున్న ఓ అరబ్బు కుటుంబంతో స్నేహమై, వాళ్ళ నమాజు చూసి, అడిగి, చదివి, తనంతట తానే కలిమా చదివి ఇస్లాంలోకి వచ్చిందట. అక్కడివాళ్ళేమో అరబ్బుదానివైపోయావంటారట, ఇక్కడివాళ్ళేమో మొగుడి కోసం అంటారట, అసలు సంగతేమిటని తనను మాత్రం ఎవరూ అడగరట.

“మీ అమ్మకు కోపం రాలేదా?” అని ఖాలా అడిగింది.

ఫోన్ గంభీరంగా అంది: “మా అమ్మ పంది కోసం ఏడ్చింది.”

“తోబా తోబా!” అని ఖాలా చెవులు పట్టుకుంది. నేను కంగారుగా మళ్ళీ మళ్ళీ నొక్కితే అసలు విషయం బయటపడింది. క్రిస్మస్‌కు వాళ్ళింట్లో పంది మాంసం వండటం ఆనవాయితీ. తల్లి వండిన పండుగ వంట కూతురు ముట్టకపోయేసరికి ఆ తల్లి బల్ల ముందే ఏడ్చేసిందట. మరుసటి ఏడు మాత్రం కూతురి కోసం కొత్త గిన్నెలో కోడికూర విడిగా వండి, “తిను, ఇది నీ దేవుడికి పనికొస్తుంది” అని విసుగ్గా ముందు పెట్టిందట.

వండింది పిల్లకు నచ్చలేదంటే ఎలా ఉంటుందో ఖాలాకు ఆ నాలుగు రోజుల్లో బాగా తెలిసొచ్చింది. కొంగుతో కళ్ళు తుడుచుకుని, “గా తల్లికి ఫోన్ కలుపు” అంది.

మనకు సాయంత్రమైతే అక్కడ పొద్దుటి వేళ. వంటింట్లో నిలబడ్డ ఓ లావుపాటి ఆవిడ తెర మీద కనిపించింది. కూతుర్ని చూడగానే గలగలా ఏదో మొదలుపెట్టింది. నేను భుజాలు సర్దుకుని, అనువాదానికి సిద్ధంగా ముందుకు జరిగాను. ఈసారి ఒక్క ముక్క కూడా తప్పు పోనివ్వకూడదని మనసులో ఒట్టు కూడా పెట్టుకున్నాను. ఆవిడ తన బుగ్గలు లోపలికి పీల్చి కూతురివైపు వేలు చూపించింది. “అవునవ్వా, జర సన్నగైంది. నేను తినిపిస్త, నా కాడ ఉన్నది, నువ్వు పరేషాన్ కాకు” అని ఖాలా తెలుగులో జవాబిచ్చి, ముద్ద కలిపి కోడలి నోట్లో పెట్టి, ఫోన్‌వైపు చూసింది. అక్కడావిడ ఏప్రాన్‌తో కళ్ళు ఒత్తుకుని, తన భాషలో ఇంకేదో అంది. ఖాలా తలూపింది. “ఏమన్నదో చెప్పనా ఖాలా?” అన్నాను. “నువ్వు ఊకో పిల్లా” అని ఖాలా నన్ను పక్కకు నెట్టింది.

ఇప్పుడు హైదరాబాద్‌లో ఓ ఆఫీసులో రోజంతా ఇంగ్లీషులోనే మాట్లాడుతుంటాను. తప్పులు చాలావరకు తగ్గాయనే మా వాళ్ళంటారు. కానీ ఎప్పుడైనా గర్వం కాస్త తలకెక్కితే, ఇద్దరు తల్లుల మధ్య సగం తెరిచిన నోటితో, ఎవరైనా ఒక్క మాట అడుగుతారేమోనని ఆశగా కూర్చున్న ఆ ఆముదపు చెట్టు పిల్ల గుర్తొస్తుంది. పాపం, ఆ సాయంత్రం దాన్ని ఎవరూ ఏమీ అడగలేదు.