బండికా, బావకా?

హైవే పక్కన ఛార్జింగ్ స్టేషను అంటే ఏమిటో తెలియనివాళ్ళకి ముందు అది చెప్తాను. ఒక రేకుల షెడ్డు, దాని కింద ఇనప బీరువా అంత డబ్బా, డబ్బాకి రెండు లావుపాటి తీగలు. తీగ చివర ఉన్నదాన్ని గన్ను అంటారు. ఆ గన్ను బండికి గుచ్చి, ఫోనులో యాప్ తెరిచి, డబ్బా మీద అంటించిన గళ్ళ బొమ్మని స్కాన్ చేసి, స్టార్ట్ నొక్కి, దేవుడి మీద భారం వేసి నిలబడాలి. సగం సార్లు అవుతుంది. మిగతా సగం సార్లు మళ్ళీ ప్రయత్నించమని తెర మీద వస్తుంది. పెట్రోలు బంకులో అయితే తిట్టడానికి కనీసం ఒక మనిషి ఉంటాడు. ఇక్కడ ఎవరూ ఉండరు.

తగుదునమ్మా అని ఈ కరెంటు కారు కొన్నది నేనే. టెక్కలిలో నాకు ఎరువుల కొట్టు ఉంది. కాపురం అద్దె మేడ మీద. వీధిలో నిలిపిన బండికి పైనుంచి తీగ వేలాడదీస్తానంటే ఇంటాయన ఊరుకోలేదు. అందుకని ఎక్కడికి వెళ్ళినా దారిలో ఈ డబ్బాల దగ్గర పడిగాపులు పడాల్సిందే. పలాస, టెక్కలి, కోటబొమ్మాళి, ఎక్కడ ఏ గన్ను పనిచెయ్యదో నాకు కంఠతా వచ్చు.

మా అక్కని ఇచ్చింది జలంత్రకోట. బావకి కొబ్బరితోట, దాని పక్కనే కొంత జీడితోట. ఉద్దానం ఊళ్ళల్లో చాలామందికి పోయినట్టే ఆయనకీ కిడ్నీలు పోయాయి. చుట్ట ముట్టడు, సారా ముట్టడు. ఆ జబ్బు ఎందుకు వచ్చిందో ఏ డాక్టరూ చెప్పలేకపోయాడు. సోమ, బుధ, శుక్రవారాలు పలాస వెళ్ళి డయాలసిస్ చేయించుకోవాలి. ఎడమ చేతికి రెండు సూదులు గుచ్చి, రక్తం బయటికి తీసి, కడిగి, మళ్ళీ ఒంట్లోకి పంపుతారు. నాలుగు గంటలు పడుతుంది. ఒక్కటి తప్పితే ఊపిరి అందదు. రెండు మూడు తప్పితే మనిషి దక్కడు. సోమ, బుధవారాలు ఊళ్ళోనే ఉన్న మరి నలుగురు రోగులతో కలిసి ఆటోలో వెళ్ళేవాడు. శుక్రవారం మాత్రం నా వంతు. బావని ఒక్క వారం కూడా తప్పనివ్వకు అని అక్క నాకు అప్పజెప్పిన పని అది.

బావ మొదటిసారి నా కారెక్కిన రోజు, ఆసుపత్రి నుంచి వస్తూ పలాస స్టేషన్లో బండికి గన్ను పెట్టాను. బావ దిగి వచ్చి ఆ తీగనీ, దూది అంటించిన తన చేతినీ మార్చి మార్చి చూసుకున్నాడు. మేమిద్దరం ఒకరినొకరం బావా అనే పిలుచుకుంటాం.

"నాదీ ఇదే గదా బావా, ఛార్జింగు," అన్నాడు. "నీ బండికి గంట, నాకు నాలుగు గంటలు."

ఆ రోజుతో వాళ్ళింట్లో డయాలసిస్ అనే మాట పోయింది. పాడు మాటలాడకని అక్క నాలుగైదు రోజులు కసురుకుంది. గురువారం తనే ఫోను చేసి, రేపు మీ బావకి ఛార్జింగు, పెందలాడే రా అంది. అసలు మాట పలకాల్సి వస్తే అక్క గొంతు తగ్గించేసేది. ఈ మాటని మాత్రం గుమ్మంలో నిలబడి పక్కింటివాళ్ళతో గట్టిగా అనగలిగేది. ఆటోలో వెళ్ళే నలుగురూ కూడా అదే పట్టుకున్నారు. అయితే ఒక శుక్రవారం బావని ఆసుపత్రిలో వదిలి, నేను పలాస స్టేషన్లోంచి ఫోను చేసి, ఛార్జింగు మధ్యలో ఆగిపోయిందక్కా, గన్ను ఊడి రావడం లేదు అన్నాను. అక్క ఫోను పారేసి ఏడుస్తూ వీధిలోకి పరిగెత్తిందట. ఆ తర్వాత ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. ఎవరు ఛార్జింగు అన్నా, అవతలివాళ్ళు వెంటనే "బండికా, బావకా?" అని అడగాలి. అడిగి, తేల్చుకుని, ఆ తర్వాతే మిగతా మాట. అక్క ఎప్పుడూ మరిచిపోయేది కాదు. నేనూ మరిచిపోయేవాణ్ణి కాదు, ఒక్కసారి తప్ప.

అక్క తన కిడ్నీ ఇస్తానంది. పరీక్షలన్నీ చేశారు, అక్కది సరిపోయింది. ఇక ఆ ఆపరేషన్‌ని బావ గుండె తట్టుకుంటుందో లేదో తేలాలి. ఒక గురువారం ఆ మాట వినడానికి బావా నేనూ విశాఖపట్నం వెళ్ళాం. అక్క ఇంటి దగ్గరే ఉండిపోయింది. ఉదయమే తలంటుకుని దేవుడికి దీపం పెట్టి మమ్మల్ని సాగనంపింది.

డాక్టరు మంచివాడు. మమ్మల్ని కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పాడు. గుండె బలహీనంగా ఉంది, ఆపరేషన్ బల్ల మీదే ప్రాణం పోవచ్చు, అందుకని కిడ్నీ మార్చడం కుదరదు. మరి ఎలాగండీ అని నేను అడిగాను. ఇప్పుడు జరుగుతున్నదే జరిపించుకోండి అన్నాడు. ఎన్నాళ్ళండీ అని బావ అడిగాడు. ఉన్నన్నాళ్ళూ అన్నాడు డాక్టరు. బావ లేచి ఆయనకి నమస్కారం పెట్టి బయటికి వచ్చేశాడు. నాకు ఆ క్షణాన ఏమీ అనిపించలేదు. బండిలో ఛార్జింగు ఎంతుందో, ఎక్కడ ఆగాలో లెక్క వేసుకుంటూ మెట్లు దిగాను.

దారంతా బావ కిటికీలోంచి తోటలు చూస్తూ కూర్చున్నాడు. కోటబొమ్మాళి వచ్చేసరికి మధ్యాహ్నం మూడైంది, బండిలో పద్దెనిమిది శాతం మిగిలింది. మొదటి గన్ను పట్టలేదు. రెండోది పట్టి, రెండు నిమిషాలకి ఆగిపోయింది. డబ్బా మీదున్న నంబరుకి ఫోను చేస్తే ఒకటి నొక్కు, రెండు నొక్కు అని ఒక గొంతు విసుగు లేకుండా చెప్పింది. నాకు ఒళ్ళు మండిపోయింది. నిజం చెప్పాలంటే ఆ మంట డబ్బా మీద కాదు. కానీ ఎదురుగా ఉన్నది అదే కదా, నోటికొచ్చినట్టు దాన్నే తిట్టాను. మూడోసారికి ఎలాగో ఎక్కడం మొదలుపెట్టింది.

తిరిగి చూస్తే బావ కారులో లేడు. రోడ్డు పక్కన కొబ్బరి బొండాలు అమ్మే తోపుడు బండి దగ్గర నిలబడి, తల వెనక్కి వంచి, బొండాం ఎత్తి తాగుతున్నాడు. కొబ్బరినీళ్ళలో ఉండే పొటాషియం ఆయన ఒంట్లోంచి బయటికి పోదు, గుండె ఆపేస్తుంది, అవి విషంతో సమానమని మొదటి రోజే చెప్పారు. సొంత తోటలో కాయలు దింపించి వచ్చినవాళ్ళకల్లా కొట్టి ఇచ్చేవాడు గానీ, తను చుక్క ముట్టేవాడు కాదు. నేను పరుగున వెళ్ళేసరికి కాయ ఖాళీ అయిపోయింది. మతి పోయిందా నీకు అని అరిచాను. "తియ్యగుంది బావా," అన్నాడు, అంతే. రేపు శుక్రవారమే కదా, ఆ మిషను తీసేస్తుందిలే అనుకుని నేను ఊరుకున్నాను. ఎందుకు తాగావని అడగలేదు.

వెనక్కి వచ్చి కారులో కూర్చున్నాం. నా చూపంతా తెర మీద పెరుగుతున్న అంకె మీదే ఉంది. ఈయన్ని జలంత్రకోటలో దింపి, మళ్ళీ టెక్కలి రావాలి. ఎంతుంటే సరిపోతుంది అన్నదొక్కటే నా బుర్రలో ఉంది. కాసేపటికి బావ ముందుకు చూస్తూ అన్నాడు.

"ఇంక ఛార్జింగు సాలు, బావా."

తెర మీద డెబ్బై రెండు ఉంది.

"సరే. నీ ఇష్టం," అన్నాను.

ఆయన నా వైపు తిరిగాడు. "ఏటీ అనుకోవు గదా?"

"ఏటనుకుంటాను? సరిపోతాది. ఇంటికి ఎల్లిపోదుం."

"మీ అక్కకి నాను సెప్తానులే," అన్నాడు.

బయల్దేరామని అక్కకి ఫోను చేస్తాడు కాబోలు అనుకున్నాను. దిగి గన్ను పీకాను. తిరిగి వచ్చి కూర్చుంటే బావ నా మోకాలి మీద చెయ్యి వేసి రెండుసార్లు తట్టాడు. బండికా, బావకా అని నేను అడగలేదు. అడగాలని తట్టనే లేదు.

అక్కడి నుంచి బావ హుషారుగా ఉన్నాడు. టెక్కలి దాటాం, పలాస దాటాం, మాటలు ఆపలేదు. సుమ్మాదేవి దగ్గరికి వచ్చేసరికి తన పెళ్ళి సంగతి ఎత్తాడు. మగపెళ్ళివారు రైల్లో వస్తూ మా స్టేషను వచ్చేసిందనుకుని సుమ్మాదేవిలో దిగిపోయారు. ఆ బుల్లి స్టేషన్లో ఇంకో రైలు వచ్చేదాకా జీడిపళ్ళు తింటూ కూర్చున్నారు. పెళ్ళికొడుకు తెల్లచొక్కా నిండా జీడిపండు మరకలే. ఆ చొక్కాతోనే పీటల మీద కూర్చున్నానని చెప్పి చాలాసేపు నవ్వాడు. నేనూ నవ్వాను. మనిషి తేరుకున్నాడు, అమ్మయ్య అనుకున్నాను.

మర్నాడు శుక్రవారం తెల్లారేసరికి వాళ్ళింటి ముందు బండి ఆపాను. ఎప్పుడూ ఆ వేళకి బావ సంచీతో అరుగు మీద తయారుగా ఉండేవాడు. ఆ రోజు గుమ్మంలో అక్క నిలబడి ఉంది. మొహం వాచిపోయి ఉంది.

"నువ్వు సరే అన్నావంట, నిజవేనా?" అంది.

దేనికి అన్నాను. ఛార్జింగు ఇంక సాలని ఆయనంటే నువ్వు సరే, నీ ఇష్టం అన్నావంట గదా అంది. నాకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక వెళ్ళి అరుగు అంచున కూర్చున్నాను. అప్పుడైనా చెప్పొచ్చు, నేను అన్నది బండి సంగతి అక్కా అని. నోరు తెరిచాను కూడా. లోపల మంచం మీద బావ కూర్చుని నా వంకే చూస్తున్నాడు.

"రాత్రి నుంచి ఎందుకు, ఎందుకు అని నా పేనం తీసేత్తన్నాది," అన్నాడు. "నువ్వొక్కడివే ఎందుకని అడగనేదు బావా. నా బాధ నువ్వొక్కడివే ఎరుగుదువు."

అన్నేళ్ళలో బావ నాతో అంత మెత్తగా మాట్లాడడం అదే మొదటిసారి. ఆ మొహం చూస్తూ, నువ్వు చెప్పింది నేను వినలేదు, తెర మీద అంకె చూస్తున్నాను అని చెప్పడం నా వల్ల కాలేదు.

"అన్నానక్కా," అన్నాను.

అక్క నన్ను కొట్టలేదు, తిట్టలేదు. లోపలికి వెళ్ళి పొయ్యి వెలిగించింది.

ఊపిరి అందకపోతే భయపడి తనే బండెక్కుతాడులే అని నాకొక ధైర్యం ఉండేది. ఆదివారం నేను మళ్ళీ వెళ్ళాను. అప్పటికే పాదాలు పొంగాయి, దిండ్లు ఎత్తుగా పెట్టుకుని కూర్చునే ఉన్నాడు. అక్క పెరట్లో ఉంది. పద బావా, పలాస ఎల్దుం, ఈ ఒక్కసారికీ రా అని చేతులు పట్టుకుని బతిమాలాను. "ఇచ్చిన మాట ఎనక్కి తీసుకుంటావేటి బావా?" అన్నాడు, కోపంగా కాదు. ఆటోలో వెళ్ళే నలుగురూ వచ్చి చెప్పారు. ఆసుపత్రి నుంచి నర్సమ్మ రోజూ ఫోను చేసింది. ఆయన అందరికీ ఒకటే జవాబు ఇచ్చాడు, మా బావతో మాట్లాడేసుకున్నాను అని. పదకొండో రోజు పొద్దున్నే పోయాడు. ఆ పదకొండు రోజులూ తన తోట బొండాలు తాగాడు.

నాకు ఏడుపు రాలేదు. దినాలు దగ్గరుండి జరిపించాను, షామియానా వాళ్ళతో దెబ్బలాడాను, వచ్చినవాళ్ళకి మంచినీళ్ళు అందించాను. ఏడుపు ఇప్పటికీ రాలేదు. నేను అడక్కపోవడం వల్ల ఆయన పోయాడా, అడిగినా పోయేవాడేనా అని ఆలోచించబోతే బుర్ర మొద్దుబారిపోతుంది. అడిగి ఉంటే మాత్రం ఆ రేకుల షెడ్డు కింద ఆయనతో పోట్లాడి ఉండేవాణ్ణి. కాళ్ళు పట్టుకుని ఉండేవాణ్ణి. అది చెయ్యలేదు. అక్కకి నేను నిజం చెప్పలేదు. ఇది అచ్చయితే చదువుతుంది. చదవనీ.

కారు అమ్మలేదు. అక్కడా ఇక్కడా ఆగి గన్ను పెడుతూనే ఉన్నాను. శుక్రవారాలు ఇప్పటికీ జలంత్రకోట వెళ్తాను, అక్క పెట్టింది తింటాను, తోట చూసి వస్తాను. అక్క ఇప్పుడు ఆ మాట పలకదు. సెల్‌ఫోనుకి కూడా కరెంటు పెట్టు అంటుంది. నేనూ ఆ ఇంట్లో పలకను.

కిందటి వారం పలాసలో ఆలస్యమైంది. ముందు ఇంకెవరిదో బండి ఉంది, అది కదిలాకే నాకు గన్ను దొరికింది. అక్క ఎదురుచూస్తుందని ఫోను చేశాను. చుట్టూ లారీల మోత, ఎండ, ఫోను చెవికి సరిగా ఆనలేదు. ఛార్జింగు పెట్టుకుని వచ్చేస్తానక్కా, గంట పడుతుంది అన్నాను. నోరు జారాక గానీ తెలియలేదు.

"బండికా, బావకా?" అంది అక్క, అలవాటు కొద్దీ, గబుక్కున.

అటు అక్క చేతిలో గిన్నె కింద పెట్టిన చప్పుడు వినబడింది. ఇద్దరం ఫోను పెట్టెయ్యలేదు. నా ముందు తెర మీద అంకె ఒకటి మారింది, ఇంకొకటి మారింది.

"బండికే అక్కా," అన్నాను.