బెల్లం పొయ్యి దగ్గర ఆరిన ఫెర్న్‌లు

ఎలమంచిలి బస్సులో నా పక్క సీటు ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది, జనం వేలాడుతున్నా సరే. మొదట్లో అది లెక్చరర్ మీద గౌరవం అనుకున్నాను. తరవాత ఒక పెద్దావిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, "బాబూ, బీరువాలోంచి దిగి వత్తన్నావేటి?" అని అడిగింది. నా చొక్కాలన్నీ కలరా ఉండల వాసన.

అది కాలేజీలో నా గది వాసన. అనకాపల్లిలో మా వృక్షశాస్త్ర విభాగం చివర, ఎండబెట్టి అట్టలకు అతికించిన మొక్కలు దాచే గది ఒకటుంది. హెర్బేరియం అంటారు. అందులో ఎక్కువ భాగం ఫెర్న్‌లు. పువ్వూ కాయా లేకుండా, ఆకు వెనక గోధుమరంగు చుక్కలతో బతుకు వెళ్లదీసే మొక్కలు. వాటి సంతానమంతా ఆ చుక్కల్లోనే ఉంటుంది. చూసినవాళ్లలో సగంమంది అది తెగులనుకుని, ఏ మందు కొట్టాలో చెప్పి వెళతారు.

కిందటేడు కొత్తగా వచ్చిన ప్రిన్సిపాల్ గారు మందు సంగతి ఎత్తలేదు. కొలత టేపు తెప్పించారు. "ఇక్కడ ముప్పై కంప్యూటర్లు పడతాయండి. ఈ ఎండుటాకులతో ఇప్పుడు పనేమైనా ఉందా? ఉంటే వేసవి సెలవుల్లోగా చూపించండి" అన్నారు. ఆయన చెడ్డవారు కాదు. ఉన్న గది ఒక్కటే, అంతే.

మాడుగుల పైన కొండవాగు దగ్గర దొరికే ఒక ఫెర్న్, రెండు జాతులకు పుట్టిన సంకరమని నాకు చాలాకాలంగా అనుమానం. తల్లిదండ్రులై ఉంటాయనుకున్న రెండింటిలో ఒకటి ఇప్పుడా వాగులో లేదు. అసలు వాగే సరిగా లేదు. ఇక మిగిలింది మా అట్టల మీదే. విశాఖపట్నంలో ల్యాబులో పరిశోధన చేస్తున్న నా పాత విద్యార్థినికి గోరంత ఆకుముక్కలు పంపాను.

ఆమె ఫోను చేసింది. "సార్, ఒక్కదాంట్లోనూ పనికొచ్చే డీఎన్ఏ మిగల్లేదండి. వీటిని స్పిరిట్‌లో ముంచి ఆరబెట్టారా?"

ముంచారు. బూజు పట్టకూడదని మా పాతవాళ్లు పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు, ఎంతో శ్రద్ధగా చేశారు.

అప్పుడు గుర్తొచ్చాయి, అడుగు అరలో ఎవరికీ కనపడకుండా పెట్టిన నా అట్టలు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ మూడు ఫెర్న్‌లనూ ఆ వాగు దగ్గరే సేకరించాను. తుపాను వాన. స్పిరిట్ లేదు, ఎండ లేదు. దారిలో మా అక్కవాళ్ల ఊళ్లో దిగితే బావ బెల్లం వండుతున్నాడు. ఆకుల కట్టను పొయ్యి గోడకు ఆనించాను. తెల్లారేసరికి అప్పడాల్లా ఆరిపోయాయి. పాకం చిందిన చోటల్లా తరవాత చీమలు అంచులు కొరుక్కుతిన్నాయి. పెద్దమనుషులకు చూపించే సరుకు కాదు.

అయినా పంపాను.

"సార్, అన్నీ వచ్చాయండి," అంది ఈసారి. "వేడికి చప్పున ఆరిపోయాయి కదా, చెడలేదు."

తల్లి ఎవరో, తండ్రి ఎవరో తేలిపోయింది. వాగులోంచి మాయమైనదే తల్లి. మా వైపు పెళ్లి సంబంధాల్లో కూడా సంగతులు ఇంత కచ్చితంగా తేలవు.

ప్రిన్సిపాల్ గారు రిపోర్టు చివరిదాకా చదివి, మళ్లీ మొదటికొచ్చారు. తరవాత టేపు చుట్టి సొరుగులో పడేశారు. "కంప్యూటర్లు మేడ మీద సర్దుకుంటాయి లెండి. ఆ గదికి మంచి తాళం వేయించండి" అన్నారు. నాకు కాస్త బాగానే అనిపించింది. మెట్లు దిగుతూ ఈల వేశానని మా అటెండరు ఊరంతా చెప్పాడు.

గదికి కొత్త బోర్డు తగిలించిన రోజు బావను పిలిచాను. ప్రిన్సిపాల్ గారు శాలువా కప్పారు. చీమలు కొరికిన అట్ట చూపించి, "ఇదంతా నీ పొయ్యి పుణ్యమే బావా" అన్నాను.

బావ కళ్లజోడు సవరించుకుని ఆకును చూశాడు, తరవాత నన్ను చూశాడు.

"నువ్వీ ఆకులెట్టిన రోజు దించిన పాకమంతా పసరు వాసనేసింది బావా. మార్కెట్లో ఒక్కడూ ముట్టుకోలేదు. అది మాత్రం నీ రిపోర్టులో రాయలేదేటి?"