ఎర్రచుక్కల సందు

మా మేనత్త ముప్పై ఏళ్లు యూనివర్సిటీలో సమాజశాస్త్రం చెప్పింది. ఏ పేటలో నేరాలు ఎక్కువ, ఎందుకు ఎక్కువ అన్నదే ఆవిడ ధ్యాస. కూరగాయలకని బయల్దేరి, ఏ వీధిలో ఎందరు గుమ్మాల్లో కూర్చున్నారో రాసుకుని, ఖాళీ సంచితో ఇంటికొచ్చేది. "మీ అత్తకి లోకమంతా తెలుసు, వంటిల్లు తప్ప" అని మామయ్య వేళాకోళమాడేవాడు.

ఆవిడకు పేరు తెచ్చింది మొదటి పుస్తకం. అందులో పోలీసు రిజిస్టర్లు చూసి, ఊరి పటం మీద కేసుకో ఎర్రచుక్క పెట్టింది. బస్టాండు వెనక సందు చుక్కలతో నిండిపోయింది. అప్పటి నుంచి దానికి ఎర్రచుక్కల సందనే పేరు స్థిరపడింది. అక్కడివాళ్లకు ఉద్యోగమివ్వాలంటే జనం జంకేవారు.

రిటైరయ్యాక, ఆ సందు ఎంత మారిందో చూద్దామని అత్త అక్కడే గది అద్దెకు తీసుకుంది. నోట్సు టైపు చేసే పని నాకు అంటగట్టింది. ఏడాది గడిచినా రాయడానికి ఒక్క దొంగతనం దొరకలేదు. సైకిళ్లు, బకెట్లు, ఆరేసిన బట్టలు వీధిలో ఉన్నవి ఉన్నట్టే ఉండేవి.

"మొదట్నించీ ఇంతేనమ్మా" అన్నాడు పక్కింటి దర్జీ.

ఆ మాటతో అత్త మనసును అనుమానం తొలచడం మొదలుపెట్టింది. పోలీస్ స్టేషన్లో పాత రిజిస్టర్లు తీయించి, నాలుగు నెలలు ఆ దుమ్ములోనే కూర్చుంది. చివరికి, అప్పట్లో అక్కడ ఫిర్యాదులు రాసిన ముసలి కానిస్టేబులును వెతికి పట్టుకుంది.

"బస్టాండుకి డోర్ నంబరుండదు కదండీ. అడ్రసు గడి ఖాళీగా వదిలితే పైవాళ్లు తిట్టేవాళ్లు. అందుకని వెనక సందు పేరు వేసేసేవాణ్ణి" అన్నాడాయన.

బస్టాండులో పోయిన పర్సులన్నీ ఆ సందు మెడకు చుట్టుకున్నాయి. అత్త ఆ గడిని నమ్మి చుక్కలు పెట్టింది. సందులోకి వెళ్లి ఒక్కరినీ అడగలేదు.

సరిగ్గా ఆ నెలలోనే, నేరాల అడ్డా అంటూ మునిసిపాలిటీ ఆ సందును కూల్చడానికి సిద్ధమైంది. ఆధారం అత్త పుస్తకమే. నోరు మూసుకుంటే ఆవిడ పేరు నిలుస్తుంది, నూటపన్నెండు ఇళ్లు పోతాయి. నిజం చెప్పొద్దూ, ఆవిడ ఊరుకుంటే బాగుండునని నాకనిపించింది.

విచారణలో మునిసిపల్ కమిషనరు, "మేడమ్, ఇది మీ పుస్తకంలోనే ఉంది కదా?" అన్నాడు.

"ఉంది. అది తప్పు. రాసింది నేనే" అంటూ అత్త రిజిస్టర్ల నకళ్లు బల్ల మీద పెట్టింది.

ఉప్పు డబ్బా ఎక్కడుందో తెలియని మా అత్తేనా ఈవిడ?

ఇళ్లు నిలిచాయి. ఇక ఇంటికి పోదామంటే వినకుండా నన్ను సందుకు లాక్కెళ్లింది. మొదటి ఇంటి నుంచి ఒక్కో తలుపూ తట్టి, "మీ సందుకు చెడ్డపేరు తెచ్చింది నేనే. తప్పు నాది" అని చెప్పడం మొదలుపెట్టింది. కొందరు మంచినీళ్లిచ్చారు. కొందరు మొహం మీదే తలుపేశారు. దర్జీ కుట్టుమిషను ఆపాడు.

"ఆ పేరు వల్లే మా తమ్ముడికి ఉద్యోగం రాలేదమ్మా. ఇప్పుడు వాడికి యాభై దాటాయి. ఎలా క్షమించమంటారు?"

"క్షమించమని రాలేదయ్యా. ఊరందరికీ చెప్పి మీకు చెప్పకపోతే ఎలా?"

దర్జీ మళ్లీ మిషను తొక్కసాగాడు. అత్త ఆయనకు నమస్కారం పెట్టి, పక్కింటి తలుపు తట్టింది.