కోళ్ల గూటికి చోటు

నా చిన్నప్పుడు మేము మండవల్లి దగ్గర, కొల్లేటి ఒడ్డున ఒక ఊళ్లో ఉండేవాళ్లం. పక్కింటి అక్కకి భర్త పోయాడు. ఇద్దరు పసిపిల్లలు, ఆరు కోళ్లు. గుడ్లు సంతకి పట్టుకెళ్లి బియ్యం తెచ్చుకునేది. ఆ కోళ్లే లేకపోతే భీమడోలులో అన్నయ్య ఇంటికి పోవాలి. అక్కడ వదిన ఆమెని ఎలా చూస్తుందో మా వీధిలో అందరికీ తెలుసు. ఆ ఏడాది వానలకి ముందు ముంగిస రెండు కోళ్లను ఎత్తుకుపోయింది. నాలుగు మిగిలాయి.

అప్పటికి నాకు పదకొండేళ్లు. ఏది కనిపించినా కొలిచి, పలక మీద వరుస అంకెలు వేసి రాసుకునే అలవాటు. "ఏవండీ ఇంజినీరు గారూ, మా కోళ్లకి గట్టి ఇల్లొకటి కట్టిపెడతారా?" అంది అక్క. నవ్వులాటకే అంది. నేను దాన్ని ఉద్యోగంగా తీసుకున్నాను.

మూడు రకాలు రాశాను. ఒకటి, బోర్లించిన గంప: ముంగిస కింద తవ్వి దూరుతుంది. రెండు, నాలుగు గుంజల మీద మంచె: గాలికి ఊగుతుంది, పొదిగే పెట్ట నిచ్చెన ఎక్కదు. మూడు, ఊక కలిపిన మట్టి గోడలు, తాటి బద్దల పైకప్పు, పక్కకి జరిపే చెక్క తలుపు. మూడోదే ఎంచుకున్నాను. పైకప్పుని ఇనుప తీగతో నేనే బిగించాను.

ఇక చోటు. మా ఊళ్లో వరదంటే కొల్లేరు పొంగడమే. వానాకాలంలో ప్రతి ఇంటివాళ్లూ కొల్లేటి వైపు ఒక కర్ర పాతి, కత్తితో గాట్లు పెట్టి, నీరు ఎన్ని గాట్లు ఎక్కిందో పొద్దునా సాయంత్రమూ చూసుకునేవారు. ఆ కర్రకి ఎంత దూరమైతే అంత క్షేమమని లెక్క వేసి, పెరటి చివర, చేల పక్కన ముగ్గుతో గీత గీశాను. "ఇంటి గోడకి ఆనించి కడదాం తమ్ముడూ. ఇక్కడ మెరక. కోడి అరిస్తే నాకు వినిపిస్తుంది కూడా" అంది అక్క. నేను పలక చూపించాను. మా తాతయ్య అరుగు మీద నుంచి, "మావాడు తాసిల్దారు బంగళా కడతన్నాడే. అడ్డు చెప్పకు" అన్నాడు. ఆయనా కొల్లేటి వైపే చూస్తూ అన్నాడు.

వానాకాలం మధ్యలో మూడు రోజులు ముసురు పట్టింది. తడిస్తే తెగులు తగులుతుందని కోళ్లను పగలు కూడా గూట్లోనే పెట్టి తలుపు వేశాం. మూడో రోజు మధ్యాహ్నం ఊరంతా కర్రల దగ్గర నిలబడింది. మా కర్రకి ఇంకా రెండు గాట్లు పొడిగానే ఉన్నాయి. "ఇంక భయం లేదర్రా" అని తాతయ్య చుట్ట ముట్టించాడు. అంతలో వెనక నుంచి కేకలు. ఎగువన కాలువ గట్టు తెగి, నీళ్లు చేల మీదుగా పెరట్లోకి వచ్చేశాయి.

నేను చేరేసరికి అక్కడ నా నడుము లోతు. తలుపు చెక్క నాని బిగుసుకుంది. రెండు చేతులా లాగినా కదల్లేదు. లోపల రెక్కలు కొట్టుకోవడం వినిపించింది, తరవాత అదీ లేదు. అక్క వచ్చి తీగలు తెంపేసరికి నాలుగూ పోయాయి. ఆమె చూపించిన ఇంటి గోడ దగ్గర నీళ్లు చీలమండ దాకానే వచ్చాయి. అది కూడా కొలిచాను.

సాయంత్రం మా నాన్న, "అంత పల్లంలో గూడు పెట్టిన తెలివి ఎవరిది?" అని అరిచాడు. నేను పలకని వీపు వెనక దాచుకున్నాను. "నాదేనండీ బాబాయిగారూ. తమ్ముడు వద్దనే అన్నాడు" అంది అక్క.

"చిన్నపిల్లాడికున్న పాటి బుర్ర నీకు లేకపోయిందే అమ్మాయ్" అన్నాడు నాన్న. ఆమె తలవంచుకుని విన్నది. నేను పక్కనే ఉన్నాను. తాతయ్యా ఉన్నాడు. ఆయనా ఏమీ అనలేదు.

నీళ్లు తీసిన పదో రోజున ఆమె పిల్లల్ని తీసుకుని భీమడోలు వెళ్లిపోయింది. "బాగా చదువుకో తమ్ముడూ" అని మాత్రం అంది. తన కోళ్లను తానే ముంచుకుందని ఊళ్లో చాలాకాలం చెప్పుకున్నారు. నేను వింటూనే ఉన్నాను.

ఓవర్సీరు పరీక్ష ప్యాసై కాలవ పనుల్లో చేరాక, ఏదైనా చెడి, చోటు ఎవరు చూపించారని పైవాళ్లు అడిగితే ముందు నా పేరే రాస్తున్నాను. నాది కాని తప్పుకీ ఒకసారి రాశాను. దానికి తోటివాళ్లు నన్ను మెచ్చుకుంటే ఒంటికి పడదు. ఉద్యోగం వచ్చిన ఏడాదే భీమడోలు వెళ్లాను. ఆ వదిన గుమ్మంలోనే నిలబెట్టి, అక్క పోయి రెండేళ్లయిందని చెప్పింది. ఆమెకి చెబుదామని తీసుకెళ్లిన మాట అలాగే వెనక్కి తెచ్చుకున్నాను. ఇప్పటికీ నా దగ్గరే ఉంది.