మోడెమ్ నోరు మూయించిన మిషన్ వదిన

మిషన్ వదిన కుట్టుమిషన్ తొక్కడం మొదలుపెడితే పక్కింటి గోడగడియారం కూడా కంగారుపడి ముందుకు పరిగెడుతుందని వీధిలో చెప్పుకుంటారు. కాపురానికొచ్చిన కొత్తలోనే మరిది చొక్కా కాలర్ మొత్తం విప్పి, మళ్లీ కుట్టి, అలా పని నేర్చుకున్న మనిషి ఆమె. ఆ చొక్కా తొడుక్కుని మరిది మెడ ఒక పక్కకే తిప్పుతూ ఊరంతా వ్యాను తోలాడు.

ఇప్పుడామె వెనకగదిలో కూర్చుని ఫోన్లో వీడియో కాల్ మీద కుట్టుపని నేర్పుతోంది. కిందటి పాఠంలో గుడ్డ మీద కత్తెర పెట్టగానే వీడియోలో బొమ్మ కదలకుండా ఆగిపోయింది. ఇంకోసారి ఇలా అయితే వేరే టీచరును చూసుకుంటామని నేర్చుకునేవాళ్లు మొహం మీదే చెప్పేశారు. ముందుగదిలోని మోడెమ్ సిగ్నల్ వెనకగదికి చేరేసరికి కొన ఊపిరితో ఉండేది మరి. అందుకని కొత్త రూటర్ కొని, వైరుతో మోడెమ్‌కు తగిలించింది. దాంతో ఉన్న నెట్ కూడా పోయింది.

మధ్యాహ్నమే పాఠం. నెట్ కంపెనీ మనిషేమో సోమవారం దాకా రానన్నాడు.

వదిన రెండు డబ్బాలనూ కాసేపు కెలికి చూసింది. "రెండూ ఒకే అడ్రసు పెట్టుకు కూర్చున్నాయి. ఫోన్లకు దారి చూపించే పెత్తనం నాదంటే నాదని కొట్టుకుంటున్నాయి. మోడెమ్‌ను నోరు మూసుకోమనాలి."

"మా అన్నకు చెప్పినట్టు చెప్పు వదినా, వింటుంది," అన్నాడు మరిది అన్నం కలుపుకుంటూ.

ఆమె ఫోన్లో మోడెమ్ సెట్టింగుల పేజీ తెరిచి, రూటింగ్ అని ఉన్నచోట బ్రిడ్జ్, అంటే ఉత్త వంతెన, అని మార్చింది. లైట్లన్నీ ఆరి, మళ్లీ వెలిగాయి. నెట్ మాత్రం రాలేదు. రూటర్ మీద ఎర్రలైటు అలాగే ఉంది. మోడెమ్ పేజీ కూడా ఇక తెరుచుకోలేదు.

"చంపేశావా? నా చొక్కా గతే పట్టించావు దానికి."

"నీ చొక్కా బతికే ఉందిగా. మాట్లాడకుండా తిను."

అన్నదే గానీ ఆమె గడియారం వైపు చూసింది. పాఠం వేళ దగ్గరపడుతోంది. ఏం తోచక మిషన్ ముందు కూర్చుని సూదిలోకి దారం ఎక్కించింది. ఎక్కిస్తూ ఆగిపోయింది. దారం సూది కన్నులోంచి వెళ్తుంది, అంతే. ముడి పడేది అక్కడ కాదు, కింద బాబిన్ దారంతో. మోడెమ్ పని కూడా ఇప్పుడు అంతే కదా, వచ్చినదాన్ని అటు పంపించడం. మరి కంపెనీ ఇచ్చిన పేరు, పాస్‌వర్డ్ ఇన్నాళ్లూ మోడెమే చెప్పేది. ఇప్పుడెవరు చెబుతారు?

చివాల్న లేచి, కనెక్షన్ కాగితం తీసి, దాని మీదున్న పేరూ పాస్‌వర్డూ రూటర్ పేజీలో కొట్టింది. ఎర్రలైటు ఆకుపచ్చగా మారింది. మరిది ముద్ద చేతిలోనే ఆగిపోయింది.

ఆ రోజు పాఠంలో కత్తెర ఒక్కసారి కూడా ఆగలేదు. కాలర్ చివరి కుట్టు దాకా అందరూ కళ్లార్పకుండా చూశారు. వచ్చే పాఠానికి చెల్లెళ్లను కూడా తెస్తామన్నారు.

సాయంత్రానికి వ్యాన్ల స్టాండులో మరిది ఉపన్యాసం మొదలైంది. "మా వదిన ఏది విప్పినా కుట్టకుండా వదలదు. చొక్కా అయినా అంతే, మోడెమ్ అయినా అంతే."

"మరి నీ మెడేంట్రా అలా ఉంది?" అన్నాడు పక్క వ్యాను వాడు.

"ఇది ఆవిడ మొదటి కాలర్," అన్నాడు మరిది, దాన్ని సర్దుకుంటూ. "ఎవరికి పడితే వాళ్లకి దొరకదు."