ఆరేళ్ళకు ఒక్క సంతకం

మా వీధిలో చదువుకున్నవాళ్ళకు కొదవ లేదు. కానీ వంతెన గోడను చాకుతో గీకి డాక్టరైనవాడు మాత్రం ఒక్కడే. మా పై వాటా నఫీసా కొడుకు షౌకీ.

మా కాన్‌స్టంటీన్ ఊళ్ళో పుట్టినవాళ్ళం ఆ లోయ మీది వంతెనలను రోజుకు నాలుగుసార్లు దాటుతాం. అక్కడి రాళ్ళకు బూడిదరంగులో, పసుపురంగులో ఏదో పొర పట్టి ఉంటుంది. మేమెవరమూ దాని మొహం చూడం. షౌకీ ఏడేళ్ళు దాన్నే చూస్తూ కూర్చున్నాడు. ఒకసారి పోలీసులు వంతెన కూలగొడుతున్నాడని పట్టుకుపోయారు కూడా.

"నాచే కదరా?" అని అడిగాను మెట్ల దగ్గర ఆపి.

"నాచు కాదు ఖాల్తీ. ఆ పొరలో ఇద్దరు కలిసి కాపురం ఉంటారు" అన్నాడు. వీధిలో చిన్నా పెద్దా అందరికీ నేను ఖాల్తీనే, అంటే పిన్నినే.

"ఇద్దరా? పెళ్ళయిందా వాళ్ళకి?"

వాడు నవ్వి మెట్టు మీద కూర్చుని చెప్పుకొచ్చాడు. ఒకరు ఇల్లు కట్టి నీళ్ళు పట్టి ఉంచుతారట, ఇంకొకరు ఎండలో కూర్చుని వంట చేస్తారట, ఊళ్ళో గాలి చెడితే ముందు చచ్చేది వాళ్ళేనట. ఐదో తరగతితో బడి మానేసినదాన్ని, నాకే అరగంటలో అర్థమైపోయింది. ఇంత బాగా చెప్పేవాణ్ణి పాఠాలు చెప్పే ఉద్యోగంలోకి ఎగరేసుకుపోతారనుకున్నాను. అప్పటికి నాకు యూనివర్సిటీవాళ్ళతో పరిచయం లేదు.

పరిచయం వాడు థీసిస్ చదివి వినిపించిన రోజున అయింది. ఆ రోజున ఇంటివాళ్ళు మిఠాయిలు పట్టుకెళ్ళి బల్ల పరచడం మా దగ్గర తప్పనిసరి. జౌజియ్యా నేనే చేశాను. తేనె, కోడిగుడ్డు తెల్లసొన, అక్రోట్లు వేసి సన్న సెగ మీద నాలుగు గంటలు చెయ్యి ఆపకుండా తిప్పాలి. మూడు పళ్ళేలు పట్టుకెళ్ళి, గుడ్డ కప్పి, వెనక బెంచీలో కూర్చున్నాను. ముందు ఐదుగురు ప్రొఫెసర్లు. వాడు బొమ్మలు చూపిస్తూ ప్రాణం పెట్టి చెబుతున్నాడు. ఒకాయన థీసిస్ మొదటి పేజీ దాటలేదు. ఇంకొకాయన ఫోన్‌లోంచి తలెత్తలేదు. మధ్యలో కూర్చున్న డిపార్ట్‌మెంట్ పెద్ద సీ అల్లావా గారైతే నా గుడ్డ వైపే చూస్తున్నాడు, గాలికి ఏ మూలైనా లేస్తుందేమోనని.

గుడ్డ తీశాక ఆ ఐదుగురిలో ఎంత చలాకీతనం వచ్చిందో! సీ అల్లావా గారు ఎనిమిది ముక్కలు తిన్నాడు, నేను లెక్కపెట్టాను. తొమ్మిదోదానితో మొదలుపెట్టి ఒక పెట్టె నిండా సర్ది తన తోలుసంచీలో పెట్టుకున్నాడు. సంచీ తెరిచినప్పుడు నేనూ తొంగిచూశాను. లోపల గుండ్రటి ముద్ర, సిరా డబ్బీ. డిపార్ట్‌మెంట్ ముద్రను ఆయన ఎవరికీ అప్పగించడట. పెళ్ళికి వెళ్ళినా, చావుకు వెళ్ళినా అది సంచీలోనే ఉంటుందని అక్కడి గుమాస్తా నాతో అన్నాడు. నేను అడగబట్టే అన్నాడనుకోండి.

ఆ తర్వాత ఆరేళ్ళు డాక్టర్ షౌకీ గారి జీవితం ఏమిటంటారా? పొద్దున్నే లేచి ఎక్కడ ఖాళీలున్నాయో ఫోన్‌లో వెతకడం. పది గంటలకు యూనివర్సిటీకి పోయి గంటల లెక్కన పాఠాలు చెప్పడం. అసలు ఉద్యోగులు ఎగ్గొట్టిన క్లాసులన్నీ వాడివే. సాయంత్రం వంటింటి బల్ల మీద పరీక్ష పేపర్లు దిద్దడం. అవీ వేరేవాళ్ళవే. థీసిస్ రోజున కొన్న కోటునే ఐదు ఇంటర్వ్యూలకు వేసుకెళ్ళాడు. ప్రతిసారీ నఫీసా ఇస్త్రీ చేసింది, ప్రతిసారీ వాడు దాన్ని చేతి మీద వేసుకుని తిరిగొచ్చాడు. మెట్లు దిగే ప్రతి ఆడదీ "డాక్టర్‌గారికి ఇంకా ఏమీ కాలేదా నఫీసా?" అని అడిగేది. అంటే, నేనూ అడిగాననుకోండి.

ఆ ఉద్యోగ ప్రకటనలైనా ఒక తీరుగా ఉంటాయా? ఒక ఏడాది సముద్రపు మొక్కల మీద, అదీ ఎర్ర రంగు వాటి మీద, అదీ ఫలానా తీరంలో దొరికేవాటి మీద పనిచేసినవాళ్ళే కావాలన్నారు. ఆ ప్రకటన కుట్టించుకోవడానికి దర్జీ దగ్గర నిలబడి కొలతలిచ్చిన మనిషి ఎవరో అందరికీ తెలుసు.

ఏడో ఏట షౌకీ కొలతలకు సరిపోయే ఉద్యోగం ఒకటి పడింది. వాడి అదృష్టం కాదు, సీ అల్లావా గారి మేనల్లుడు కూడా ఆ రాతిపొర మీదే ఏదో రాశాడు కాబట్టి పడింది. మేనల్లుడు ఒక్కరోజు కూడా క్లాసులో నిలబడలేదు. పాఠం చెప్పిన ప్రతి ఏడాదికీ మార్కులున్నాయి. అంటే షౌకీకి ఆరేళ్ళ మార్కులు రావాలి. రావాలంటే ఈయన ఆరేళ్ళు పాఠాలు చెప్పాడని డిపార్ట్‌మెంట్ పెద్ద సంతకం చేసి ముద్ర వేసిన కాగితం కావాలి. గురువారం నాలుగు గంటలకు దరఖాస్తులు మూసేస్తారు. ఇది పోతే తన మేనమామ టైర్ల కొట్లో కూర్చుంటానని షౌకీ తల్లికి మాటిచ్చేశాడు. మేనమామ అప్పుడే స్టూలు కూడా కొనిపెట్టాడు.

సంతకం కోసం మూడు వారాలు తిరిగాడు. సీ అల్లావా గారు మీటింగులో ఉన్నారు. రేపు రా. సీ అల్లావా గారు ఇప్పుడే వెళ్ళిపోయారు. ఆదివారం రా. సీ అల్లావా గారికి పన్ను నొప్పి.

బుధవారం ఆయన భార్య మనిషిని పంపింది. శుక్రవారం వాళ్ళమ్మాయి నిశ్చితార్థం, మగపెళ్ళివారు అన్నాబా నుంచి వస్తున్నారు, నాలుగు పళ్ళేల జౌజియ్యా కావాలి, అది నా చేతిదే కావాలి. సరేనన్నాను. ఆ మనిషి వెళ్ళగానే పైకెక్కి షౌకీతో విషయం చెప్పాను.

"వద్దు ఖాల్తీ. నీ కాళ్ళు పట్టుకుంటా, వద్దు."

"నేనేం చెయ్యబోతున్నానో నీకేం తెలుసు?"

"నీ మొహం చూస్తే తెలుస్తోంది. మిఠాయి పెట్టి తెచ్చుకుంటే ఆ మేనల్లుడికీ నాకూ తేడా ఏముంది? వాడికి మేనమామ, నాకు జౌజియ్యా."

"నువ్వు చెప్పిన పాఠాలకే కదరా కాగితం. వాడిది చెయ్యని పని, నీది చేసిన పని. ఆ తేడా తెలియనివాడివి ఏం డాక్టరువి?"

వాడు తలుపేసుకున్నాడు. వాడి అభిమానం వాడిది. నఫీసా మాత్రం చప్పుడు కాకుండా నా వెనకే దిగొచ్చి, సంతకానికి సిద్ధం చేసిన కాగితం నా చేతిలో పెట్టింది. ఏళ్ళు రాయాల్సిన చోటు ఖాళీగా ఉంది. అది పెద్దాయనే రాయాలట.

గురువారం పదింటికి సీ అల్లావా గారే కారేసుకుని వచ్చాడు. వాళ్ళావిడ ఇంకెవరినీ నమ్మలేదు కాబోలు. నాలుగు పళ్ళేలూ రంగుకాగితం చుట్టి, రిబ్బన్లు కట్టి బల్ల మీద పెట్టాను. కాఫీ ఇచ్చాను. కాఫీ పక్కన కాగితం పెట్టాను.

"ఇదేంటి ఖాల్తీ జ్లీఖా?"

"పై వాటా షౌకీది. మీ పన్ను నొప్పి తగ్గిందా?"

"ఇవి ఆఫీసులో చేసే పనులు."

"ఆఫీసులో మీరుండరు కదండీ. ఇక్కడ దొరికారు."

"ముద్ర లేదు."

"సంచీలో ఉంది."

ఆయన పళ్ళేల వైపు చూశాడు, గడియారం వైపు చూశాడు. అన్నాబావాళ్ళు కళ్ళముందు కదిలారేమో, నిట్టూర్చి కలం తీశాడు. గబగబా రాసి, ముద్ర కొట్టి, రెండు పళ్ళేలు ఎత్తుకున్నాడు.

"కూర్చోండి, చదువుకుంటాను" అన్నాను. నాది ఐదో తరగతి చదువు, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టాలి. ఆయన పళ్ళేలతో గుమ్మంలో నిలబడ్డాడు. ఆఖరి వరుసకు వచ్చేసరికి నా వేలు ఆగిపోయింది. అక్కడ "రెండు సంవత్సరాలు" అని ఉంది.

చూశారా పెద్దమనిషి పని! ముసలిది ఏం చదువుతుందిలే అనుకున్నాడు.

లేచి వెళ్ళి ఆయన చేతుల్లోంచి పళ్ళేలు తీసుకుని బల్ల మీద పెట్టి, ఒక రిబ్బను విప్పాను.

"ఏం చేస్తున్నావ్?"

"రెండేళ్ళకు ఎన్ని ముక్కలొస్తాయో చూస్తున్నానండీ. నాలుగు పళ్ళేలు ఆరేళ్ళవి."

ఆయన మొహం ఎర్రబడింది. మంచి చొక్కాకు చెమట పట్టింది. నఫీసా ముందుజాగ్రత్తగా ఇంకో ఖాళీ కాగితం కూడా ఇచ్చిందిలెండి, అది పెట్టాను. ఈసారి నెమ్మదిగా రాశాడు. నేను ఇంకా నెమ్మదిగా చదివాను. ఆరు. అంకెలో ఆరు, అక్షరాల్లోనూ ఆరు. అప్పుడు రిబ్బను మళ్ళీ కట్టాను.

షౌకీ నా మొహం చూడకుండానే ఆ కాగితం అందుకుని పరుగెత్తాడు. మూడున్నరకు దరఖాస్తు లోపలికి వెళ్ళింది.

నాలుగు నెలలకు యూనివర్సిటీ గాజు తలుపుకు జాబితా అంటించారు. మొదట షౌకీ పేరు, రెండోది మేనల్లుడిది. ఆ ఆరేళ్ళ మార్కులే తేల్చాయట. మేనల్లుడి గురించి బెంగపడకండి, మరుసటేడు ఇంకో డిపార్ట్‌మెంట్‌లో వాడి కొలతలకు ఒకటి కుట్టారు. నఫీసా బాల్కనీలోంచి సంతోషంతో నాలుక ఆడిస్తూ వేసిన జగరూత కేకకు వీధంతా కిటికీలు తెరుచుకున్నాయి. షౌకీ మేనమామ స్టూలు అమ్మేశాడు.

ఇక్కడితో ఆపేద్దునేమో. కానీ ఈ వసంతంలో, వాడు ఉద్యోగంలో చేరి రెండేళ్ళయ్యాక, పెట్టెడు జౌజియ్యా పట్టుకుని వాడి ఆఫీసు ఎలా ఉందో చూద్దామని వెళ్ళాను. వరండా బెంచీ మీద ఒక అమ్మాయి, ఒళ్ళో ఫైలు.

"ఎవరి కోసం తల్లీ?"

"డాక్టర్ షౌకీ గారి కోసం ఖాల్తీ. ఆయన దగ్గర రెండేళ్ళు ల్యాబులో పనిచేశానని ఒక కాగితం కావాలి. ఆదివారం నుంచి వస్తున్నా."

ఆ రోజు బుధవారం. దరఖాస్తుకు గడువెప్పుడని అడిగితే, రేపే అంది. పేరు హాజర్ అట, తండ్రికి బ్రెడ్డు బట్టీ అట, పుప్పొడి మీద పనిచేస్తుందట.

తలుపు కొంచెం తెరుచుకుంది. షౌకీ తల బయటికొచ్చింది. కొత్త కోటు. ముందు నన్ను చూడలేదు. "హాజర్, ఇప్పుడు మీటింగుంది, రేపు రా అమ్మా" అన్నాడు. ఆ తర్వాత నన్ను చూశాడు, నా చేతిలో పెట్టెను చూశాడు. మొహమంతా నవ్వు పులుముకుని, "అయ్యో ఖాల్తీ! చెప్పకుండా వచ్చావే! లోపలికి రా, కాఫీ తెప్పిస్తా."

"మీటింగన్నావు కదా, చూసుకో నాయనా. మేం ఇక్కడే ఉంటాం."

వెళ్ళి హాజర్ పక్కన కూర్చున్నాను. రిబ్బను విప్పి పెట్టె మా ఇద్దరి మధ్యా పెట్టాను. "తిను తల్లీ." బిడ్డ మొహమాటపడింది. రెండో ముక్కకు మొహమాటం పోయింది. అటుగా పోయే గుమాస్తాకు రెండిచ్చాను. నేల తుడిచే ఆమెకు నాలుగిచ్చాను, పిల్లలున్నారంది. తలుపు సందులోంచి షౌకీ చూస్తూనే ఉన్నాడు. మీటింగుకు ఎవరూ రాలేదు, వాడూ ఎక్కడికీ పోలేదు.

పెట్టెలో ఆఖరి వరుసకు వచ్చేసరికి తలుపు పూర్తిగా తెరుచుకుంది. వాడి చెవులు ఎర్రగా ఉన్నాయి.

"ఫైలు ఇటివ్వు హాజర్" అన్నాడు.

నిలబడే రాశాడు, గోడకు ఆనించి. తన ల్యాబు ముద్ర జేబులోనే ఉంది. జేబులో! కాగితం ఆ పిల్లకివ్వబోతుంటే నేను చెయ్యి చాపాను.

"ఖాల్తీ, సరిగ్గానే రాశాను."

"రాసే ఉంటావు. కళ్ళద్దాలు తీసుకోనీ."

వేలు పెట్టి, ఒక్కో అక్షరం చదివాను. ఈలోగా హాజర్ ఆఖరి ముక్క నోట్లో వేసుకుంది.