బూడిద పూసిన రేడియేటర్

నా చిన్నప్పుడు ఒక ఎండాకాలం, పది పన్నెండు రోజుల పాటు మా నాయన లారీ నీళ్ళు తాగింది. లారీలన్నీ తాగేవే. ఇది మాత్రం దప్పికతో పోయినవాళ్ళు తాగినట్టు తాగింది. ఎగతాళి చేయకుండా రెండు మాటలు మాట్లాడలేనని నాకు పేరుంది కానీ, ఈ సంగతి చెప్పేటప్పుడు నాకు నవ్వు రాదు.

నేను ఐదో తరగతితో బడి మానేశాను. కాదు, బడే నన్ను మానేసిందని మా పంతులు అనేవాడు. ఎవరు ముందు మానేశారో ఇంకా తేలలేదు. ఇంట్లో ఉంటే అమ్మను బతకనివ్వనని నాయన నన్ను లారీలో ఎక్కించుకునేవాడు. కార్వేటినగరం చుట్టుపక్కల తోటల్లో మామిడికాయలు ఎత్తుకుని నాయుడుపేట దాకా తోలేవాడు. మధ్యాహ్నం ఎండలో ఆయనకు కునుకు రాకుండా నవ్వించడమే నా ఉద్యోగం. సీటు మీద మఠం వేసుకుని, దారిలో కనబడిన ప్రతి మనిషికీ ఒక పేరు పెట్టేదాన్ని. మనిషి గొడుగు వేసుకుంటే ఒక పేరు, అది ముడిస్తే ఇంకో పేరు. నాయన నవ్వితే భుజాలు ఎగిరేవి. ఆ భుజాలు ఎగరడం చూడాలని నేను ఎవరినైనా ఏమైనా అనేదాన్ని.

లారీ పాతది. రేడియేటర్‌లో నీళ్ళు తగ్గితే పోయడానికి నా కాళ్ళ దగ్గర ఎప్పుడూ ఒక క్యాను ఉండేది. ఒక మధ్యాహ్నం శ్రీకాళహస్తి దాటాక, ఒక మలుపులో, మైలురాయి మీద కూర్చున్న ముసలాయన మమ్మల్ని చూసి లేచాడు. నోటితో ఏమీ అడగలేదు. చేతిలోని సత్తు చెంబును బోర్లించి చూపించాడు, అంతే. నేను కిటికీలోంచి తల బయటపెట్టి అరిచాను.

"నీకు రేడియేటరు యాడుండాదో సూపీ తాతా, పోస్తాము!"

నాయన భుజాలు ఎగిరాయి. లారీ ముందుకు పోయింది.

నాలుగు రోజుల తర్వాత, ఆ మలుపుకు ఇవతల టీ అంగట్లో ఆగినప్పుడు, అంగడి ఆమె మాటల మధ్యలో చెప్పింది. ఊరూ పేరూ తెలియని ముసలాయన ఒకడు ఆ మైలురాయి దగ్గర ఎండదెబ్బకు పోయాడట. పక్కన ఖాళీ చెంబు ఉందట. ఏ రోజని నాయన అడిగాడు. మేము వెళ్ళిన రోజే. నాయన గ్లాసు కింద పెట్టేశాడు. నేను మాత్రం తాగేశాను. ఆ టీలో బెల్లం ఎక్కువైందని కూడా నాకు గుర్తుంది.

ఆ మర్నాటి నుంచే నీళ్ళు తగ్గడం మొదలైంది. పొద్దున నిండుగా పోసి బయలుదేరితే, గంట తిరక్కుండానే ఇంజను వేడెక్కి, వేడి చూపే ముల్లు ఎర్రగీత వైపు పోయేది. లారీ ఆపి కింద దూరి చూస్తే నేల పొడిగా ఉండేది. ఒక్క చుక్క ఉండేది కాదు. పైపులు తడిమినా తడి లేదు. నాయన వేడి తగ్గేదాకా కూర్చుని, తడి గోనెపట్ట వేసి మూత మెల్లగా తిప్పి, మళ్ళీ నీళ్ళు పోసేవాడు. మొదట రెండు రోజులు లారీని తిట్టాడు. మూడో రోజు తిట్టలేదు. నీళ్ళు పోస్తూ, పక్కన మనిషి ఉన్నట్టు నెమ్మదిగా అన్నాడు.

"తాగు పెద్దాయనా. కడుపు నిండా తాగు."

నేను చుట్టూ చూశాను. మేమిద్దరమే ఉన్నాం. ఆ రోజు నుంచి నాయన దారిలో తాను నీళ్ళు తాగడం మానేశాడు. పెదాలు పగిలి నెత్తురు వచ్చేది. నేను ఎన్ని పేర్లు పెట్టినా భుజాలు ఎగరలేదు. ముల్లు ఎర్రగీత దాటినా ఆపకుండా, ఆ మలుపు వచ్చేదాకా పట్టుబట్టి తోలి, అక్కడే ఆపి పోసేవాడు. రోడ్డు మీద కళ్ళు మూతలు పడుతుంటే నేను ఆయన చొక్కా పట్టుకుని కూర్చునేదాన్ని. లారీలో మేము ముగ్గురం ఉన్నామని నాకు గట్టిగా నమ్మకం కుదిరింది. మూడో ఆయన మా నాయనను తనతో తీసుకుపోతాడని కూడా.

చివరికి ఒక పొద్దున పుత్తూరు దగ్గర ఇంజను కుతకుత ఉడికి నిలబడిపోయింది. పుత్తూరుకు జనం విరిగిన చేతులూ కాళ్ళూ పట్టుకుని కట్టు కట్టించుకోవడానికి వస్తారు. మేము పొగలు కక్కే లారీని పట్టుకుని వెళ్ళాం. అక్కడ రేడియేటర్ల చిల్లులకు మాటు వేసే ఒక తాత ఉండేవాడు. మా అమ్మ వైపు దూరపు చుట్టం. నీళ్ళు ఎక్కడికి పోతున్నాయని ఆయన అడిగితే, నాయన నేల చూస్తూ, ఒకాయన తాగుతున్నాడని చెప్పి, ఆ మలుపు సంగతంతా చెప్పాడు. తాత నవ్వలేదు. నేనైతే ఎదుటివాళ్ళు అలా చెబితే నెల రోజులు నవ్వేదాన్ని.

నాయన చెప్పినదాంట్లో నా మాట లేదు. నేను అరిచింది లేదు. తానే ఆపలేదన్నాడు. నేను పక్కనే నిలబడి విన్నాను. 

తాత ముందు ఇంజన్ ఆయిల్ కొలిచే పుల్ల తీసి వేలితో రాసి చూశాడు. లోపల నీళ్ళు కలిస్తే ఆయిల్ మజ్జిగలా తెల్లబడుతుందట. నల్లగానే ఉంది. తర్వాత లోపలికి పోయి ఒక గిన్నె తెచ్చాడు. విభూది పూస్తానని, దెయ్యం ఉంటే అందులో దాని జాడ పడుతుందని అన్నాడు. నాయన చెప్పులు విడిచి చేతులు కట్టుకున్నాడు. ఆ విభూది దేవుడి దగ్గరిది కాదు, వంట పొయ్యిలోది. తాత దాన్ని గుడ్డలో జల్లించడం నేను తలుపు సందులోంచి చూశాను. చెప్పలేదు. నాకూ ఆ దెయ్యాన్ని చూడాలని ఉంది.

బూడిదను నీళ్ళలో కలిపి, శుభ్రంగా తుడిచిన రేడియేటర్‌కు వెనకా ముందూ, పైపులకూ పూశాడు. ఎండకు అది ఆరి తెల్లగా అయింది. గాలి ఆడక తొందరగా వేడెక్కాలని ముందు జాలీకి గోనెసంచి కప్పి, నీళ్ళు నింపి, ఇంజను రేస్ చేయమన్నాడు. నాయన పెడల్ తొక్కుతూ కూర్చున్నాడు. తాతా నేనూ కళ్ళార్పకుండా నిలబడ్డాం. చాలాసేపు ఏమీ లేదు. ముల్లు పైకి వెళ్ళాక, రేడియేటర్ పై తొట్టి అతుకు దగ్గర, ఫ్యాను వైపు, తెల్లటి బూడిదలో వెంట్రుకంత నల్లగీత పుట్టింది. మెల్లగా కిందికి దిగింది. నేను కేక పెట్టి తాత పంచె చెంగు పట్టుకున్నాను.

"దిగి రాప్పా," అన్నాడు తాత. "ఇదో సూడు. సల్లగా ఉన్నెప్పుడు ఈ పగులు మూసుకోని ఉంటాది. కాగితే నోరు తెరుస్తాది. ఫ్యాను గాలి ఆ తడినంతా ఇంజను మీదికి లాగి ఆవిరి చేసేస్తా ఉండాది. ఇంక నేల మింద సుక్క యాడ పడతాది?"

నేను ఎగిరి గంతేశాను. దెయ్యం లేదు. నాయన నాకు మిగిలాడు. ఆయన కూడా నవ్వుతాడని తిరిగి చూశాను.

నాయన ఆ నల్లగీతను వేలితో తాకి, పాత ఇనప సామాను మీద కూలబడ్డాడు.

"అయితే ఆయప్ప తాగలేదా?"

నాకు అప్పుడు అర్థమైంది. ఇన్నాళ్ళూ ఆయన దెయ్యానికి భయపడలేదు. దానికి నీళ్ళు పోస్తున్నాడు. ఆలస్యంగానైనా పోస్తున్నానని గుండెను నిలబెట్టుకున్నాడు. తాత చూపించిన గీత ఆ ఆసరా కూడా తీసేసింది.

నీ తప్పేం లేదులే అని తాత అనవచ్చు. దారినపోయే ఎవరైనా అంటారు. ఆయన అనలేదు. తాత గిన్నె పక్కన పెట్టి, నాయన ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"తాగలేదప్పా," అన్నాడు. "నువ్వు తాగు."

కుండలోంచి చెంబుతో నీళ్ళు ముంచి ఇచ్చాడు. నాయన రెండు చేతులతో పట్టుకుని, ఏడుస్తూ, మొత్తం తాగాడు. తర్వాత తాత రేడియేటర్ విప్పి, అతుకు గీకి, సీసం కరిగించి మాటు వేశాడు. లారీ మళ్ళీ ఎప్పుడూ ఆ చోట కారలేదు.

నాయన పోయి చాలా ఏళ్ళయింది. ఉన్నన్నాళ్ళూ ఆ ముసలాయన సంగతి ఎవరికి చెప్పినా, తానే ఆపలేదని చెప్పేవాడు. ఒక్కసారైనా నన్ను అందులోకి రానివ్వలేదు. నేనూ రాలేదు. జరిగింది జరిగినట్టు చెప్పి, ఆపైన మంచినీళ్ళు ఇవ్వాలని తాత దగ్గర చూశాను. చూసినా నాయనకు ఆ పని చేయలేకపోయాను.

ఎందుకంటే ఆ మలుపులో నాయన కాలు అప్పటికే బ్రేకు మీద ఉంది. లారీ మందగించింది. నా ఒళ్ళు ముందుకు తూగి, అరచెయ్యి ఎదుటి రేకుకు ఆనింది. ఆ తర్వాతే నేను కిటికీలోంచి తల బయటపెట్టి అరిచాను.

ఇప్పటికీ నలుగురు చేరితే నేను నవ్విస్తాను. అదొక్కటే నాకు వచ్చిన విద్య. వాళ్ళు నవ్వడం మొదలుపెట్టగానే నా అరచెయ్యి ఆనుకోవడానికి ఏదో ఒకటి వెతుక్కుంటుంది.